పైన పాల, కింద స్తీనా

నన్ను ఉపన్యాసానికి పిలిచారనుకునే రేపల్లె నుంచి పటాన్‌చెరు వెళ్లాను. ఈ సంగతి మొదటే రాసిపెట్టడం మంచిది. రేపెవరైనా "మేం అలా అనలేదు కదండీ" అంటే చూపించడానికి ఆ ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది. అందులో ఉన్న మాట ఇది: "పాలస్తీనా విషయమై మీ సాయం అత్యవసరం. మూడు రోజులు ఉండేలా రాగలరు." ఇరవై మూడేళ్లుగా చరిత్ర పాఠం చెబుతున్న మనిషి ఇది చదివి ఏమనుకోవాలి?

అది 2002 వేసవి. పాలస్తీనా పట్టణాల్లోకి ట్యాంకులు దూరిన ఫొటోలు పేపర్లో రోజూ వస్తున్నాయి. ఆ విషయం మీద కాలేజీ వార్షికోత్సవంలో పిల్లలతో రెండు నిమిషాలు మాట్లాడతానని మా ప్రిన్సిపాల్ గారిని అడిగాను. "అంత దూరం సంగతులు మనకెందుకమ్మా" అన్నారు. నేనడిగిన రెండు నిమిషాల్లో చెంచా నిమ్మకాయ పందెం బహుమతులు పంచారు. అందుకు పదిహేడు నిమిషాలు పట్టింది. వాచీ చూస్తూనే ఉన్నాను. ఆ రెండు నిమిషాల కోసం రాసుకున్న కాగితాన్ని ఇంటికి తెచ్చి పెంచితే పద్నాలుగు పేజీలైంది. ఆ పద్నాలుగు పేజీలనూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆవకాయ సీసా వాటి మీద ఒరగకుండా సర్దుకుని రైలెక్కాను.

పిలిచినాయన పేరు రాజేశ్వర్. పటాన్‌చెరు దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతారు. ఆరేళ్ల కిందట ఒక రిఫ్రెషర్ కోర్సులో మూడు వారాలు మేమిద్దరం పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. ముగింపు సభలో ఇద్దరం మాట్లాడాం. మర్నాడు పేపర్లో ఆయన పేరు వచ్చింది. నా పేరు "తదితరులు" అనే మాటలో వచ్చింది. దానికి ఆయన బాధ్యుడు కాదని నాకు తెలుసు. అయినా ఆయన క్షమాపణ చెప్పలేదు.

పటాన్‌చెరు: అద్దాలు దించే చోటు

బస్సు పటాన్‌చెరు దగ్గరికి వస్తుండగా, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోకుండానే జనమంతా ఒక్కసారిగా కిటికీ అద్దాలు దించేశారు. వాన వస్తోందేమోనని ఆకాశం చూశాను. ఎండ మండిపోతోంది. నా కిటికీ నేను తెరిచే ఉంచాను. పక్క సీట్లో కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావిడ నా మీదుగా చెయ్యి చాచి దాన్ని దించేసింది.

"అదేమిటండీ, అడగనైనా అడగకుండా?" అన్నాను.

"వాసనమ్మా. ఇగ ఇస్నాపూర్ దాటెదాక గింతే."

"నాకేమీ రావడం లేదే."

"అద్దం దించిన గదా!" అంది.

నాకు వచ్చే వాసన మీద నిర్ణయం నాదే అయి ఉండాలి. అద్దాన్ని రెండు వేళ్ల మేర ఎత్తాను. ఉడికిన గుడ్డులో టింక్చరు పోసి ఎండలో పెట్టినట్టు ఏదో లోపలికి వచ్చింది. వెంటనే దించేశాను. దించింది నేనే కాబట్టి అది ఆవిడ గెలుపు కింద లెక్కకు రాదు. మా ఊళ్లో ఎండుచేపల బండి వెళ్తుంటే ముక్కు మూసుకుంటాం, బండి వెళ్లిపోతుంది. ఇక్కడ వాసన ఎక్కడికీ వెళ్లదు, బస్సే వెళ్లిపోవాలి.

స్టాండు ఎదురుగా ఇరానీ హోటల్లో రాజేశ్వర్ కూర్చుని ఉన్నారు. చుట్టూ షిఫ్టు దిగిన కార్మికులు. ఒక బల్ల దగ్గర హిందీ, ఇంకో బల్ల దగ్గర ఒరియా, గల్లాపెట్టె దగ్గర ఉర్దూ. చాయ్ మూడు రూపాయలు. మా ఊళ్లో రెండు రూపాయలకు గ్లాసు నిండా ఇస్తారు. ఇక్కడ కప్పులో సగం, సాసర్లో సగం ఇచ్చి, రెండూ కలిపి తాగమంటారు.

"ఉపన్యాసం ఎన్నింటికి?" అని అడిగాను.

"ఏ ఉపన్యాసం మేడం?"

కవర్లోంచి పద్నాలుగు పేజీలు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని చూశారు, నన్ను చూశారు, సాసరు కొంచెం అవతలికి జరిపారు.

"అది కూడా పెట్టుకుందాం మేడం, తర్వాత ఎప్పుడన్నా. ఇప్పుడు నాకు మెమో వచ్చింది. ఎల్లుండి సంగారెడ్డిల ఎంక్వైరీ ఉన్నది. మీరు కాయితాలు మంచిగ రాస్తరని పిలిచిన."

"నేను రాస్తానని మీకెవరు చెప్పారు?"

"గా రిఫ్రెషర్ కోర్సుల పెరుగు పుల్లగున్నదని మీరు నాలుగు పేజీలు రాయలేదా? మూడో దినం వార్డెనే వచ్చి వడ్డించిండు. మీ పరిశోధన పత్రం యాది లేదు గని, గా పెరుగు కాయితం ఇప్పటికీ యాదికున్నది."

లేచి వెళ్లిపోవాల్సిన సందర్భమే. కానీ ఆయన మెమో తీసి చేతికిచ్చారు. నాకు ఉద్యోగంలో ఇప్పటిదాకా పదకొండు మెమోలు వచ్చాయి. ఇంత ముచ్చటైనది ఒక్కటీ రాలేదు. అందులో రెండే ఆరోపణలు. ఒకటి: విదేశీ వ్యవహారమును కళాశాల గేటు ముందుకు తెచ్చుట. రెండు: సదరు విదేశీ వ్యవహారము ముసుగులో స్థానిక పాల రైతులను పరిశ్రమలపై ఉసిగొల్పుట.

"మొదటిది గేటు ముంగట మేం పెట్టిన పాలస్తీనా ధర్నా. దానికి హెచ్చరికతోని పోతది. రెండోది రుజువైతే ఉద్యోగమే పోతది. మా చైర్మన్‌కు వాగు పైన కంపెనీ ఉన్నది గదా," అన్నారు రాజేశ్వర్.

"పాలస్తీనా ధర్నాకు పాల రైతులు ఎందుకొచ్చారు?"

ఆయన నన్ను హోటలు పక్క షాపులోకి తీసుకెళ్లారు. అది బోర్డులు రాసే యూసుఫ్ భాయ్ దుకాణం. ధర్నాకు రాసిన బ్యానరు ఇంకా అక్కడే గోడకు చుట్టిపెట్టి ఉంది. యూసుఫ్ భాయ్ విప్పి చూపించాడు. పైవరసలో మూర కన్నా పెద్ద ఎర్రటి అక్షరాలు: పాల. కిందివరసలో: స్తీనా.

"నేను ముందుగాలనే చెప్పిన మేడం," అన్నాడు యూసుఫ్ భాయ్. "ఫలస్తీన్ అని రాద్దాం సాబ్, మేమంతా గట్లనే అంటం అన్న. సార్ ఇన్లే. పేపర్ల పాలస్తీనా అని వస్తది, గదే రాయమన్నడు. తెచ్చింది ఇంత బట్ట. అక్షరాలేమో రోడ్డు మీదికి కనవడాలె అన్నడు. నేనేం జెయ్యాలె? ఇరిచి రాసిన. మీద పాల, కింద స్తీనా."

"అయినా రెండూ కలిపి చదువుకోవచ్చు కదా?"

"ఎట్ల సదువుతరు? కిందివరస ముంగట సార్లు కూసున్నరు!"

అప్పుడు నాకు మొత్తం బొమ్మ కనిపించింది. గేటు ముందు షామియానా, వెనక బ్యానరు, దాని ముందు కుర్చీల్లో అయిదుగురు లెక్చరర్లు. వాళ్ల తలలు "స్తీనా"ను పూర్తిగా కప్పేశాయి. పక్కన విద్యార్థుల చేతుల్లో "న్యాయం కావాలి" అనే అట్టలు. వాసనొస్తున్నాయని పాల కేంద్రం వాళ్లు తిప్పి పంపిన పాలతో, క్యాన్లు సైకిళ్లకు తగిలించుకుని, అదే రోడ్డు మీద వెనక్కి వెళ్తున్న ఇరవై మంది రైతులకు కనిపించింది అది. పాల. న్యాయం కావాలి. సైకిళ్లు ఆపి క్యాన్లతో సహా వచ్చి కూర్చున్నారు.

"మిగిలిన నలుగురు సార్లూ ఏం జవాబు రాశారు?" అని అడిగాను.

"ఒకాయన ఎండకు తాళలేక నీడకు నిలవడ్డ అని రాసిండు," అన్నారు రాజేశ్వర్. "ఒకాయన స్కూటర్ తాళంచెవి పారేసుకుని దేవులాడుతుంటే కుర్చీ కనవడ్డదట. మిగిలిన ఇద్దరు, నేను పిలిస్తే పుట్టినరోజు అనుకొని వచ్చిన్రట."

విచారణకు అదే వృత్తిలో ఉన్న ఒక సహాయకుణ్ణి తెచ్చుకోవచ్చని మెమో చివర ఉంది. అదే కాలేజీలో అని లేదు. అలా మూడు వందల కిలోమీటర్ల అవతల నుంచి నేను దొరికాను. ఇక్కడి లెక్చరర్లందరి తర్వాత.

ఆ పూట రాజేశ్వర్ గారింట్లో జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టారు. పుంటికూర అంటే మన గోంగూరే. ఆ మాట అన్నందుకు ఆయన భార్య చాలా మర్యాదగా, "మీ దిక్కు పుంటికూరను గోంగూర అంటరట గదా," అంది. నేను రెండో రొట్టె వేయించుకున్నాను కాబట్టి వాదించలేదు.

వాగు ఒడ్డు: బర్రె చేపని పేజీ

రెండో రోజు సాక్షి కోసం వెళ్లాం. పాశమైలారం దాటాక రాజేశ్వర్ స్కూటరు ఒక వాగు వంతెన మీద ఆగింది. కంపెనీలు వదిలినవి కలిసి నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. ఊరి బర్రెలు తాగేది ఆ నీళ్లే. ఒడ్డున నురగ. మా వైపు కాలవ నీళ్లు బురదగా ఉంటాయని మేం ఫిర్యాదు చేస్తాం. ఇక ముందు చేసేటప్పుడు ఈ వాగు గుర్తొస్తుంది. చేయడం మాత్రం మానను.

ఊళ్లో ఇరవై మందిలో పంతొమ్మిది మంది సాక్ష్యానికి రామన్నారట. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒక కంపెనీ గేటు లోపల పనిచేస్తున్నారు. ఒప్పుకున్నది మల్లమ్మ ఒక్కతే. యాభై ఏళ్లుంటాయి. మూడు బర్రెలు, ఎకరన్నర పొలం, కంపెనీలో ఎవరూ లేరు. మేం వెళ్లేసరికి పాలు పిండుతోంది.

"గీ మేడమేనా సార్, రేపు మనతోని వచ్చేది?" అంది తల తిప్పకుండానే.

"అవునమ్మా. ఆంధ్ర దిక్కు నుంచి వచ్చింది."

"అబ్బో. గంత దూరం నుంచి? ఈడ సార్లు లేరా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు ఉంది కానీ దిగమింగాను. నేను మల్లమ్మకు చెప్పాల్సింది ఒక్కటే. రేపు విచారణలో "పొరపాటున వచ్చినం" అనాలి. అంతే. అంతకు ముందు ఒక్క మాట వద్దు, తర్వాత ఒక్క మాట వద్దు. రైతులు పొరపాటున వచ్చారంటే రాజేశ్వర్ ఉసిగొల్పినట్టు కాదు. రెండో ఆరోపణ కూలిపోతుంది. ఆయన ఉద్యోగం నిలుస్తుంది.

"గంతేనా?" అంది మల్లమ్మ. "గా మాటకు గింత దూరం రావాల్నా?"

రాజేశ్వర్ మధ్యాహ్నం పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్లిపోయారు. నేను పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాను. మల్లమ్మ పచ్చిపులుసు చేసి పెట్టింది. చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ వేసి అసలు పొయ్యి మీద పెట్టకుండానే చారు అనిపించడం ఇక్కడి పద్ధతి. మొదట అనుమానించాను. మూడుసార్లు పోయించుకున్నాను. పాలు మాత్రం ఇవ్వలేదు. "మా ఇంట్లనే తాగుతలేం, మీకెట్ల ఇయ్యాలె?" అంది. మూడు బర్రెలున్న ఇంట్లో డబ్బా పాలపొడితో చాయ్ పెట్టింది.

ఖాళీగా ఉండడం ఎందుకని, కాలేజీల్లో నాకు జరిగినవి ఒకటొకటీ చెప్పాను. ముఖ్యంగా స్టాఫ్ మీటింగు సంగతి. పదకొండేళ్ల కిందట పరీక్షల బడ్జెట్ మీద నేను నిలబడి రెండు వాక్యాలు అన్నాను. మినిట్స్ పుస్తకంలో మొదటి వాక్యమే రాశారు. "ఈ ప్రతిపాదన మంచిదే" అన్నది మొదటి వాక్యం. "కానీ అమలు చేసేవాళ్లకు బుద్ధి లేదు" అన్నది రెండోది. ఇప్పటికీ ఆ పుస్తకం ప్రకారం ఆ ప్రతిపాదనను సమర్థించిన ఏకైక వ్యక్తిని నేనే.

"సగం మాట రాసిన్రా?" అంది మల్లమ్మ, పిడకలు పేరుస్తూ.

"సగమే."

"సగం మాట అబద్ధం కన్న అధ్వానం గదా మేడం." నా పదకొండేళ్ల బాధను అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆమె.

ఆ ఉత్సాహంలో సాయంత్రం పాలు పిండే వేళ నా ఉపన్యాసం తీశాను. మొదటి పేజీ మల్లమ్మ శ్రద్ధగా విన్నది. రెండో పేజీలో ఒట్టోమన్ సామ్రాజ్యం పతనం దగ్గర ఒక ఈగను తోలింది. మూడో పేజీలో ఒడంబడికలు మొదలవగానే బర్రె కాళ్లు విదిలించి పాలు చేపడం మానేసింది.

"జెర ఆపు మేడం," అంది. "బర్రె సేపుతలేదు. నువ్వు సదివేది మంచిగనే ఉన్నది గని దానికి తెల్వదు గదా."

"మీకు అర్థమవుతోందా?"

"గాదినం సార్ చెప్పిందే మంచిగ సమజైంది. ఆడ తాతల నాటి బాయిలు ఉంటయట, నీళ్లు తోడుకునేటందుకు ఇంకోల్ల పర్మిషన్ కావాల్నట. పొలం ఇవతల, గేటు అవతలనట. గిట్ల చెప్పిండు. ఒక పిల్లగాడు లేచి, మరి వీళ్లు బస్సుల బాంబులు పెట్టి సంపుతున్నరు గదా సార్, గది కూడ చెప్పుండ్రి అన్నడు. సార్ ఎన్కకు పోలే. బస్సుల పోయెటోళ్లు గూడ ఇంట్ల చెప్పి బయల్దేరినోళ్లే, గది ఎట్ల ఒప్పయితది అన్నడు. గప్పుడు నాకు సార్ మీద నమ్మకం కుదిరింది. ఒక్క దిక్కే చెప్పెటోడు గాదు అని."

నా పద్నాలుగు పేజీల్లో ఆ రెండు సంగతులూ ఉన్నాయి. తొమ్మిదో పేజీలో. బర్రె మూడో పేజీ దాకా రానిచ్చింది.

సంగారెడ్డి: సగం మాట

విచారణ సంగారెడ్డిలో ఒక ఎరువుల దుకాణం పైన. విచారణాధికారి తహసీల్దారుగా రిటైరైన పెద్దమనిషి. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని, రాసేటప్పుడు మాత్రం దించుతాడు. ప్రతి కాగితానికీ కింద రెండు కార్బన్లు పెట్టి స్వయంగా రాస్తాడు. మేనేజ్‌మెంట్ తరపున ఒక గుమస్తా వచ్చాడు.

నా జవాబు ఎనిమిది పేజీలు. మొదటి ఆరోపణ నిజమైతే అది విదేశీ వ్యవహారం. రెండోది నిజమైతే అది విదేశీ వ్యవహారం కాదు. రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. మేనేజ్‌మెంట్ ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఈ ముక్క చదువుతున్నప్పుడు అధికారి కళ్లజోడు దించి, "గిది మంచిగున్నది," అన్నాడు. ఎనిమిది పేజీలూ విన్నాడు. ఒక్కసారి కూడా వాచీ చూడలేదు. అలాంటి మనుషులు ఇంకా ఉన్నారు.

తర్వాత మల్లమ్మను కూర్చోబెట్టాడు.

"ధర్నాకు ఎందుకొచ్చినవ్ అమ్మా?"

"బోర్డు మీద పాల అని ఉండె. పాల లొల్లి అనుకొని వచ్చిన."

"అంటే పొరపాటున వచ్చినవ్."

"ఆ. పొరపాటున్నే వచ్చిన."

అధికారి రాశాడు. కార్బన్లు సరిగా పడ్డాయో లేదో ఎత్తి చూసుకున్నాడు. రాజేశ్వర్ నుదురు తుడుచుకున్నారు. రెండో ఆరోపణ అయిపోయింది. మనసులో నేను సంతకం కూడా పెట్టేశాను.

"ఇగ ఈడ వేలిముద్ర వెయ్యి."

"నాకు సంతకం వస్తది," అంది మల్లమ్మ. "ఇంకో మాట రాసినంక పెడత. వచ్చింది పొరపాటున. కూసున్నది పొరపాటున గాదు. గది గూడ రాయి సార్."

గుమస్తా కుర్చీలో ముందుకు జరిగాడు.

"గది అవసరం లేదమ్మా. ఎందుకొచ్చినవ్ అని అడిగిన, చెప్పినవ్. అయిపోయింది," అన్నాడు అధికారి. పాపం మంచివాడు, మాకు సాయం చేద్దామనే చూస్తున్నాడు.

"ఎట్లయిపోతది? వచ్చి నిలవడేదాక పొరపాటు. రెండు గంటలు కూసుంటె గూడ పొరపాటేనా? నేనేమన్న పిచ్చిదాన్నా?"

ఆ మాట రాస్తే రెండో ఆరోపణ మళ్లీ లేచి కూర్చుంటుంది. రైతులు ఇష్టపడి కూర్చున్నారంటే, ఎవరో ఏదో చెప్పి కూర్చోబెట్టారనేగా. నేను మాట్లాడాలి. ఏం మాట్లాడాలి? సంచిలో పెన్ను వెతకడం మొదలుపెట్టాను. పెన్ను నా చేతిలోనే ఉంది.

మల్లమ్మ నా వైపు తిరిగింది.

"ఏంది మేడం, చప్పుడు జేస్తలేవు? నిన్న పొద్దంత, నా మాట సగమే రాసిన్రు, నా మాట సగమే రాసిన్రు అని నా పానం తీస్తివి గదా!"

నా సర్వీసులో పదకొండు మెమోలు ఇంత సూటిగా తగల్లేదు. నిలబడ్డాను.

"సార్, సాక్షి చెప్పింది పూర్తిగా నమోదు చేయాలి. సగం రాస్తే నేను అభ్యంతరం రాసిస్తాను."

రాజేశ్వర్ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. సామాను లోపలుండగానే కదిలిపోతున్న బస్సును చూస్తున్నట్టు చూశారు.

"మేడం, మీరు ఈయన దిక్కు వచ్చిన్రా, ఈయన మీదికి వచ్చిన్రా?" అన్నాడు అధికారి.

"పూర్తి వాక్యం వైపు వచ్చాను."

ఆయన నిట్టూర్చి కళ్లజోడు దించి రాశాడు. ఆ మాట రాశాక దాని తర్వాతి ప్రశ్న అడగక తప్పదు కదా. "సరే, ఎందుకు కూసున్నవ్ మరి? ఈ సార్ కంపెనీల మీద మీకేమన్న నూరిపోసిండా?"

"గదే గదా నా కోపం!" అంది మల్లమ్మ, చెంగు నడుముకు దోపుకుంటూ. "సార్ ఫలానా దేశం బాయిల గురించి చెప్పవట్టె. ఇంటుంటె మనసుల కలుక్కుమంటున్నది, లేచిపోబుద్ధి గాలే. నడుమ నేనే లేచిన. సార్, మా వాగు సంగతి గూడ గింత చెప్పు, క్యాన్లు ముంగటనే ఉన్నయ్, మూత తీసి వాసన సూడు అన్న. సార్ ఏమన్నడు? అమ్మా, ఇయ్యాల గది గాదు, గది ఇంకోనాడు మాట్లాడుకుందాం అన్నడు. మళ్ల అడిగిన. మళ్ల గదే మాట. ఎక్కడి నీళ్లో చెప్తడు గని, పక్క నీళ్లు చెప్పడు. రాయి సార్. గిది మొత్తం రాయి."

అధికారి రాశాడు. ఎంత వేగంగా రాశాడంటే కార్బను చిరిగింది. గుమస్తా మెల్లగా వెనక్కి జరిగి కుర్చీకి ఆనుకున్నాడు. రెండుసార్లు అడిగినా వాగు మాట ఎత్తనన్న మనిషి, రైతుల్ని కంపెనీల మీద ఉసిగొల్పాడని ఇక ఎవరు రాయగలరు? నేను నిన్న నేర్పిన సగం మాటకన్నా ఆమె పూర్తి మాటే ఆయన్ని గట్టిగా కాపాడింది. మల్లమ్మ నింపాదిగా, ఒక్కో అక్షరం పెదవులతో పలుకుతూ సంతకం పెట్టింది.

కిందికి దిగి మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడ్డాం. ఇక్కడి బజ్జీలో వాము, చింతపండు కూరుతారు. మావాళ్లు ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండుతారు. మాదే బాగుంటుంది. నేను ఆనందంగా ఉన్నాను. రాజేశ్వర్ బజ్జీ చేతిలో పట్టుకుని తినకుండా నిలబడ్డారు.

"గెలిచాం కదండీ," అన్నాను.

"ఏం గెలిచినం మేడం. నన్ను కాపాడిన మాట ఏంది? వాగు గురించి నోరు తెరవలేదన్న మాట. ఎంక్వైరీ కాయితం మీద, రెండు కార్బన్లతోని."

బండివాణ్ణి నిమ్మకాయ ముక్క అడిగాను. లేదన్నాడు. పాలస్తీనా గురించి మాట్లాడిన లెక్చరరు తప్పు చేశాడని నేను ఇప్పటికీ అనుకోను. మాట్లాడనివ్వని ప్రిన్సిపాల్‌నీ, నీడకు నిలబడ్డ లెక్చరరునూ చూశాను కాబట్టి అసలే అనుకోను. కానీ ఆ రోజు షామియానా కింద, మూతలు బిగించిన ఇరవై క్యాన్లు ఆయన ఎదురుగానే ఉన్నాయి.

మల్లమ్మ మూడో బజ్జీ తీసుకుంది. "గప్పుడు తెరవలే. ఇప్పుడు తెరువు సార్. ఎవరొద్దన్నరు?" అంది. "ముందుగాల గా బజ్జీ తిను, సల్లారుతది."

రేపల్లె: కార్డు

తిరుగు ప్రయాణంలో బస్సు పటాన్‌చెరు దాటుతుండగా అందరికన్నా ముందు అద్దం దించింది నేనే. పక్క సీటు ఆయన వానేమోనని ఆకాశం చూశాడు.

నెల తర్వాత రాజేశ్వర్ ఉత్తరం వచ్చింది. మొదటి ఆరోపణకు తీవ్రమైన హెచ్చరిక, సర్వీసు రిజిస్టరులో నమోదు. రెండోది రుజువు కాలేదు. నాకు కృతజ్ఞతలు ఒక వాక్యంలో చెప్పారు. ఎనిమిది పేజీలకు ఒక వాక్యం. ఉత్తరంతో పాటు ఒక కరపత్రం ఉంది. మళ్లీ సభ పెడుతున్నారు. కాలేజీ గేటు ముందు కాదు, వాగు ఒడ్డున. మొదటి అంశం వాగు నీళ్లు, పాలు. రెండో అంశం పాలస్తీనా. హెచ్చరిక సిరా ఆరక ముందే.

ఈసారి వెడల్పాటి బట్ట తెచ్చారట. పాలస్తీనా అని ఒకే వరసలో పడుతుందని యూసుఫ్ భాయ్ కొలిచి మరీ చూపించాడట. మల్లమ్మ ఒప్పుకోలేదని రాశారు రాజేశ్వర్. ఆమె మాట ఆమె మాటగానే రాశారు: "ఇరిచే రాయుండ్రి సార్. పాల మీదుంటెనే మావోళ్లొస్తరు. వచ్చినంక కిందిది సదువుకుంటరు. ఈపాలి మాత్రం సార్లు దాని ముంగట కూసోవద్దు, పక్కకు కూసోవాలె."

కరపత్రం అడుగున వక్తల పేర్లున్నాయి: మల్లమ్మ, రాజేశ్వర్, తదితరులు.

ఆ తదితరులు అంటే నేనేనా, అయితే నాకెన్ని నిమిషాలు ఇస్తారు అని ఆ సాయంత్రమే కార్డు రాశాను. జవాబు ఇంకా రాలేదు. రైలు టికెట్టు మాత్రం కొనేశాను. పద్నాలుగు పేజీలు ఇప్పుడు పదహారయ్యాయి. కొత్త రెండు పేజీలూ వాగు గురించి. బర్రెకు నచ్చకపోతే మిగతావి తగ్గిస్తాను కానీ, ఆ రెండూ మొదట పెట్టాను.